బండ పగులులో నీటిదారి

"మార్చి ఆఖరికి మానేస్తున్నానని ఆఫీసులో చెప్పేశావా?" అన్నాడు ఇసావో, మిసో చారు గిన్నె రెండు చేతులతో ఎత్తి తాగుతూ.

సయోకో అత్తగారి పళ్ళెంలోని కాల్చిన చేపకి ముళ్ళు తీస్తోంది. ఎనభయ్యేళ్ళ తొమెకి చూపు సరిగా ఆనదు. ఒక్క ముల్లు మిగిలినా గొంతులో గుచ్చుకుంటుంది. వేలికొసలతో తడిమి, లేదనుకున్నచోట ఇంకోసారి తడిమి, పళ్ళెం ఆవిడ ముందుకు జరిపింది.

"ఇంకా లేదండీ."

"ఇంకెప్పుడు చెప్తావ్? మే నెలలో నేను హొక్కైదో వెళ్ళిపోతాను. అక్కడి సొరంగం పని మూడేళ్ళు పడుతుంది. అమ్మని ఒక్కదాన్నీ ఇంట్లో వదిలి మనం ఎలా తిరుగుతాం?"

మనం అన్నాడు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆ మాట సంగతి సయోకోకి బాగానే తెలిసొచ్చింది. మాట్లాడేటప్పుడు మనం. చెయ్యాల్సి వచ్చేసరికి నువ్వు.

"అయినా నీదేమంత పనని? జిగురు పోసి అచ్చులు తియ్యడమేగా. నువ్వు కాకపోతే ఇంకో ఆవిడ తీస్తుంది" అంటూ లేచి హెల్మెట్టు అందుకున్నాడు.

"వాడు చెప్పేది విను" అంది తొమె, చేపముక్క నములుతూ. "ఇంటి దగ్గర ఉంటే నీకూ కాస్త తెరిపి."

ఇసావో వెళ్ళాక పావుగంటకి సయోకో కూడా అదే దారిన సైకిలు మీద బయల్దేరింది. ఇద్దరూ పని చేసేది ఒక్కచోటే, గిఫు కొండల మధ్యనున్న భూగర్భ పరిశోధన కేంద్రంలో. కాకపోతే అతను కిందికి దిగుతాడు. రెండువందల మీటర్ల లోతున గ్రానైటు బండని తొలిచే ముఠాకి అతను మేస్త్రీ. ఆమె పైనున్న ప్రయోగశాలలో ఉంటుంది. అణువిద్యుత్తు తయారయ్యాక మిగిలే బూడిదలాంటి విషాన్ని ఎక్కడో ఒకచోట వేల ఏళ్ళపాటు పాతిపెట్టాలి. పాతిపెట్టినదాన్ని మళ్ళీ పైకి మోసుకొచ్చేవి నీళ్ళు. బండలో నీళ్ళు నడిచేది పగుళ్ళలోనే. అందుకని పగులులో నీళ్ళు ఎలా నడుస్తాయో ముందు తెలియాలి. అక్కడ జరిగే పనంతా అదే.

పెళ్ళికి ముందు ఆమె ఈ ఊళ్ళోనే ఒక పింగాణీ కార్ఖానాలో అచ్చులు పోసేది. ఎనిమిదేళ్ళ కిందట కేంద్రంలో చేరింది మాత్రం గాజుసామాను కడగడానికి, పెద్దలకి టీ ఇవ్వడానికి. ఒకరోజు టీ పళ్ళెంతో లోపలికి వెళ్ళేసరికి పరిశోధక విద్యార్థి ఒకడు రాతిముక్క మీద రబ్బరు ద్రవాన్ని గుమ్మరిస్తున్నాడు. ఆరిన అచ్చు నిండా బుడగలు. ఆమె ఉండబట్టలేక, "అలా ఒక్కసారి పొయ్యకూడదు బాబూ, ఒక మూల నుంచి దారంలా వదలాలి. అది తనంతట తాను పాకాలి" అంది. అందరూ నవ్వారు. పోసి చూపించాక నవ్వు ఆగింది. ఆనాటి నుంచి అచ్చులన్నీ ఆమెవే అయ్యాయి. టీ మాత్రం ఇంకొకరిది కాలేదు.

పగిలిన బండ కింద నుంచి వస్తుంది. దాన్ని రెండు చెక్కలుగా విడదీసి, ఒక్కో ముఖం మీద రబ్బరు పోసి అచ్చు తీస్తుంది. ఆ అచ్చులో గాజులా పారదర్శకంగా గట్టిపడే జిగురు పోస్తుంది. రెండు రోజులకి పగులు రెండు ముఖాలూ, గింజ గింజ వివరంతో సహా, వెలుతురు దూరే పలకలై చేతికొస్తాయి. వాటిని కింద ఎలా ఉన్నాయో అలా ఒకదాని మీద ఒకటి కూర్చి, అంచులు మూసి, బల్ల మీద పెట్టి అడుగున దీపం వెలిగిస్తుంది. మొదట మామూలు నీళ్ళు నింపి ఫొటో తీస్తారు. తర్వాత నీలం నీళ్ళు. నీలం ముదురుగా ఉన్నచోట సందు వెడల్పు, లేతగా ఉన్నచోట ఇరుకు. ఆపైన చిన్న పంపుతో ఒక పక్క నుంచి నీళ్ళు తోసి, రంగు ఎటు పరిగెడుతుందో చూస్తారు.

చూస్తారు అనడమే గానీ, నిజానికి చూసేది ఆమె. ఫొటోలు కంప్యూటరులోకి వెళ్ళగానే మగవాళ్ళు తెరల వైపు తిరుగుతారు. ఆమె బల్ల దగ్గరే నిలబడుతుంది. నీళ్ళు పగులంతా పరుచుకోవు. వెడల్పున్నచోటు వెతుక్కుంటూ, రెండు ముఖాలూ ఆనుకున్నచోట తప్పుకుంటూ, ఒకటో రెండో దారులు పట్టుకుని పోతాయి. మిగతా నీళ్ళన్నీ అక్కడే, ఎప్పటికీ రాని వంతు కోసం నిలబడిపోయినట్టు, కదలకుండా ఉండిపోతాయి. ఆ నిలబడిపోయిన నీలం వంక చూస్తే ఆమెకి గుండెల్లో ఏదో లాగినట్టయ్యేది. ఈ బండ పుట్టినచోటు ఎలా ఉంటుంది? అక్కడ చీకట్లో, ఎవరూ పంపుతో తోయకుండా, నీళ్ళు వాటంతటవే కదులుతుంటే ఎలా ఉంటుంది? వందల పగుళ్ళని వేళ్ళతో ఎరుగును. ఒక్కదాన్ని కూడా దాని ఇంట్లో చూసింది లేదు.

ఇసావోని అడిగేది కొత్తలో. "కింద ఏముంటుందండీ?" "రాయి. నీళ్ళు. ఇంకేముంటుంది?" అనేవాడు. అతని బట్టలు నానబెట్టేటప్పుడు బకెట్టు అడుగున దిగే బూడిదరంగు బురదని చూసి, ఈ వారం తెల్లగింజ బండ తగిలింది కాబోలు అనుకునేది. అంతకుమించి ఆమెకి దక్కలేదు. సొరంగంలోకి ఆడది రాకూడదు. చట్టం అలాగే ఉండేది. చట్టం కన్నా ముందు కొండదేవత ఉండేది. ఆవిడ ఆడది కాబట్టి ఇంకో ఆడది అడుగు పెడితే ఈర్ష్యతో కొండ కూల్చేస్తుందని నమ్మకం.

పెళ్ళైన మొదటి ఏడాది ఇసావో భోజనం డబ్బా మర్చిపోతే, అప్పుడు పని చేస్తున్న సొరంగం దగ్గరికి పట్టుకెళ్ళింది. లోపలి నుంచి చల్లటి గాలి మొహానికి కొట్టింది. తడిమట్టి వాసన. తెలియకుండానే రెండడుగులు ముందుకేసింది. "ఆడమనిషి! ఆడమనిషి!" అంటూ ముసలి కూలీలు ఇద్దరు అరుచుకుంటూ వచ్చారు. డబ్బా లాక్కుని, మైల పోవాలని ఆమె నిలబడ్డచోట గుప్పెళ్ళతో ఉప్పు చల్లారు. ఇసావో వెనకాలే నిలబడి అందరికీ నడుం వంచి క్షమాపణ చెప్పాడు. సాయంత్రం ఇంటికొచ్చి, "నా పరువు తీశావు" అన్నాడు. పరువు సంగతి ఆమెకి గుర్తులేదు. ఆ చల్లగాలి మాత్రం ఇరవై రెండేళ్ళుగా మొహం మీద అలాగే ఉండిపోయింది.

ఆ శీతాకాలంలో ఒక పెద్ద దిమ్మ పైకొచ్చింది. రెండువందల మీటర్ల దగ్గరి గోడలోంచి రంపంతో కోసి తీసిన దిమ్మ, మధ్యలో ఏటవాలు పగులు. ఆమె పలకలు పోసింది. రంగు వదిలితే నీళ్ళన్నీ ఎడమ వైపు ఒక్క దారిలోనే పోయాయి. వెనకంచున, ఎడమ మూల నుంచి జానెడు దూరంలో ఒక్కచోటే బయటికొచ్చాయి.

విభాగం పెద్ద కురాతా గారు తల అడ్డంగా ఊపాడు. "దిమ్మ తీసిన గూటిలో పగులు పొడుగునా తడి ఉందని కింది నుంచి రాసి పంపారు. అంటే నీళ్ళు అంతటా సమానంగా వస్తున్నాయన్నమాట. మీ పలకలో ఎక్కడో ఆనుకుపోయి ఉంటుంది హిబినో గారూ. మళ్ళీ పొయ్యండి."

మళ్ళీ పోసింది. అదే దారి. మూడోసారి పోసింది. అదే. రెండు గాజుపలకల మధ్య సమానమైన సందుందనుకుని వేసిన లెక్కలు కురాతా గారి దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఒక్క దారిలోనే పోతే నీళ్ళు ఆ లెక్క కన్నా ఎన్నో రెట్లు వేగంగా పోతాయి. అలాంటప్పుడు పాతిపెట్టిన విషం ఎన్నేళ్ళకి పైకొస్తుందన్న అంచనా మొత్తం మారిపోతుంది. తప్పు లెక్కదో ఆమె చేతిదో ఏదో ఒకటి కావాలి. చేతిదే అని అందరూ మర్యాదగా తేల్చేశారు.

"ఏమండీ, ఆ గూటిలో నీళ్ళు ఎక్కణ్ణుంచి మొదలవుతున్నాయో చూశారా?" అని ఇంట్లో అడిగింది.

"గోడ తడిగా ఉంటుంది. అంతే."

"పగులు ఏటవాలుగా ఉంది కదా. పైమూల ఒక్కచోట పుట్టి, అంచు వెంబడి కిందికి జారినా గోడంతా తడిగానే కనిపిస్తుంది. ఒక్కసారి గుడ్డతో తుడిచి చూస్తే..."

ఇసావో పొలమారేలా నవ్వాడు. "రెండువందల మీటర్లు దిగేది గోడలు తుడవడానికా? ముఠా ముందు నన్ను గుడ్డ పట్టుకోమంటావా? అదంతా ఆడాళ్ళ పని."

"ఆడాళ్ళని దిగనివ్వరుగా" అంది సయోకో. అతను విననట్టు టీవీ వైపు తిరిగాడు.

ఫిబ్రవరిలో ముల్లంగి చెక్కు తీయడానికి పరిచిన పేపర్లో ఆ వార్త కనిపించింది. ఏప్రిల్ ఒకటి నుంచి, తవ్వే కూలిపని తప్ప, మిగతా సాంకేతిక పనులకి ఆడవాళ్ళు భూగర్భంలోకి దిగవచ్చు. చట్టం మారింది. సయోకో ఆ ముక్కని మూడుసార్లు చదివింది. ఏప్రిల్ ఒకటి. ఆమె మానెయ్యాల్సింది మార్చి ముప్పై ఒకటిన. ఒక్క రోజు. తడిసిన ఆ పేపరు ముక్కని చించి ఆప్రాన్ జేబులో పెట్టుకుంది. ఎందుకు పెట్టుకుందో తనకే తెలియదు.

మర్నాడు టీ ఇచ్చి వెనక్కి తిరుగుతుంటే కురాతా గారు పిలిచాడు. "మానేస్తున్నారటగా. మీవారు సిగరెట్టు కాల్చుకునేచోట కలిసి చెప్పారు. పాపం, అత్తగారి బాధ్యత. ఇల్లు ముఖ్యం కదా. చాలా కష్టపడ్డారు ఇన్నాళ్ళూ."

తన ఎనిమిదేళ్ళనీ ఇద్దరు మగవాళ్ళు ఒక సిగరెట్టు కాలేలోపు ముగించేశారు. ఒకరి మీద ఒకరికి మర్యాదే, ఆమె మీద కూడా మర్యాదే. కోపగించుకోవడానికి చోటు లేనంత మర్యాద. పోయినేడు అచ్చులు పోసే పద్ధతి గురించి ఒక వ్యాసం వచ్చింది. దానికింద ఐదుగురి పేర్లు. చివరి వరసలో చిన్న అక్షరాల్లో 'సహాయపడిన శ్రీమతి హిబినోకి కృతజ్ఞతలు' అని ఉంది. ఆ హిబినో కూడా ఇసావో ఇంటిపేరే. ఆవేళ ఆ కాగితాన్ని ఇంటికి తెచ్చి చూపిస్తే ఇసావో, "చూశావా, మా ఇంటిపేరు అచ్చులో పడింది" అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం అత్తగారికి నీళ్ళు పోస్తోంది. చిన్న స్టూలు మీద తొమె కూర్చుంటే, వెనకాల మోకాళ్ళ మీద కూర్చుని వీపు రుద్దుతోంది. కుడి భుజం కింద నీలంగా ఒక మచ్చ, వేలెడంత. కొత్తలో అడిగితే, కుండల బట్టీ దగ్గర కాలిందని చెప్పింది. సయోకో చెయ్యి ఆ మచ్చ దగ్గర ఆగింది. కాలిన మచ్చ నీలంగా ఎందుకుంటుంది? ఎనిమిదేళ్ళుగా రాయిని వేలితో చదివే మనిషికి ఆ ప్రశ్న ఇన్నాళ్ళూ రానేలేదు.

"అత్తయ్యా, ఇది కాలింది కాదు."

నీళ్ళ ఆవిరి కిటికీ అద్దం మీద పేరుకుంది.

"బొగ్గు" అంది తొమె. "యుద్ధం రోజుల్లో. మన కొండల్లో మట్టిబొగ్గు గనులుండేవిలే. మగాళ్ళందరూ యుద్ధానికి పోయారు. నాకు పదహారేళ్ళు. మా అమ్మా నేనూ దిగేవాళ్ళం. బొగ్గు నింపిన పీట బండి నడుముకి కట్టుకుని పాకుతూ లాగాలి. ఒకసారి పైకప్పు గీసుకుని వీపు చీరుకుపోయింది. పొడి లోపలుండగానే మానిపోయింది."

"మీరు దిగారా? మరి కొండదేవత..."

తొమె వీపు కదిలింది. నవ్వుతోందని సయోకోకి ఆలస్యంగా అర్థమైంది.

"మగాళ్ళు లేనన్నాళ్ళూ ఆవిడకి ఈర్ష్య రాలేదే! వాళ్ళు యుద్ధం నుంచి తిరిగొచ్చారు, మర్నాటి నుంచి వచ్చింది. నువ్వు అపవిత్రం, ఇంటికి పో అన్నారు. నా పెళ్ళిచూపుల్లో గని మాట ఎత్తొద్దని మా అమ్మ ఒట్టేయించుకుంది. మా ఆయనకి చెప్పలా. ఇసావోకీ తెలీదు."

"మరి ఉప్పు చల్లించుకుని వచ్చిననాడు మీరు కూడా నన్నే తిట్టారు."

"తిట్టాను" అంది తొమె. క్షమించమని అనలేదు. వేరే గొంతుతో అంది: "భయమేసేది పిల్లా. కాదనను. కానీ దీపం ఆర్పి కూర్చుంటే, బండ లోపల నీళ్ళు నడుస్తున్న చప్పుడు వినిపించేది. ఎక్కడో లోపల, సన్నగా. పైకొచ్చాక అలాంటి చప్పుడు మళ్ళీ వినలేదు. అరవై ఏళ్ళైంది."

సయోకో తువ్వాలు పిండటం మర్చిపోయింది. తన కడుపులో ఎవరికీ చెప్పకుండా మోస్తున్న కోరిక ఇంకొకరి నోట్లోంచి రావడం ఆమె ఎప్పుడూ వినలేదు. అదీ, రోజూ తను చేపముళ్ళు తీసి పెట్టే ఈ ముసలిదాని నోట్లోంచి.

"పొద్దున బండి వచ్చి తీసుకెళ్ళి సాయంత్రం దింపుతుందే, ముసలాళ్ళ కేంద్రం, ఆ కాగితాలు ఎక్కడ పెట్టావు?" అంది తొమె.

"మీరు ఒప్పుకోలేదుగా. ఊళ్ళో కోడల్ని ఏమనుకుంటారో అన్నారు."

"అనుకోనీ. సంతకానికి బదులు కొట్టే నా పేరు ముద్ర డ్రాయరులో ఉంది, తీసుకురా. కొట్టేస్తాను."

సోమవారం సయోకో టీ పళ్ళెం లేకుండా కురాతా గారి గదిలోకి వెళ్ళింది. ఆయన రెండుసార్లు ఆమె చేతుల వైపు చూశాడు.

"నేను మానేస్తున్నానని ఆయన చెప్పారు. నేను చెప్పలేదు. ఏడాది కాంట్రాక్టు మళ్ళీ రాసుకుంటాను" అంది. "ఏప్రిల్లో ఆ గూడు చూడటానికి నేను దిగుతాను."

"చూడటానికే అయితే మనవాళ్ళలో ఒకరిని పంపుదాం. మీకెందుకు శ్రమ..."

"ఇన్నాళ్ళూ వాళ్ళనే పంపారు కదండీ. తడిగా ఉందని రాసుకొచ్చారు."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు. మూడు పలకల్లోనూ దారి ఒకటే ఎందుకైందన్న అనుమానం ఆయనకి కూడా నిద్ర పట్టనివ్వడం లేదని తర్వాత తెలిసింది. చివరికి, "చట్టం ఒప్పుకుంటే నేనెవర్ని" అన్నాడు.

ఇంట్లో మాత్రం అంత తేలిగ్గా జరగలేదు. కాంట్రాక్టు మే దాకా పొడిగించారని ఇసావో అనుకున్నాడు. ఆమె అవునని అనలేదు, కాదనీ అనలేదు. దిగుతుందని తెలిసినరోజు మాత్రం చాప్‌స్టిక్స్ బల్ల మీద పడేశాడు. "నా ముఠా ముందు నా పెళ్ళామే దిగుతుందా? రేపు ఎవడి కాలు విరిగినా నీ వల్లే అంటారు. తెలుసా?" తొమె ఏమైనా అంటుందేమోనని సయోకో అటు చూసింది. తొమె అన్నం మెతుకులు ఏరుకుంటూ తలొంచుకుంది. గని మాట కొడుకు ముందు ఆవిడ నోట రాలేదు. సయోకో కూడా తీయలేదు. అది ఆవిడది, చెప్పాలంటే ఆవిడే చెప్పాలి.

ఏప్రిల్ రెండో వారంలో దిగింది. ముఠాలో ఇద్దరు ఆరోజు సెలవు పెట్టారు. మగవాళ్ళ బూట్లు తప్ప ఇంకో సైజు లేకపోవడంతో రెండు జతల మేజోళ్ళు తొడుక్కుంది. సొరంగంలోకి దిగే బావి ముఖం దగ్గర కొండదేవత చిన్న గుడి, ముందు నైవేద్యంగా సాకే సారా సీసా. అందరూ చేతులు జోడించి వెళ్తారు. సయోకో కూడా ఆగి నడుం వంచింది. ఇసావో వంక చూడకుండా, లోపల్లోపల, "అమ్మా, వస్తున్నాను" అనుకుంది. అంతకన్నా ఏం చెప్పాలో తోచలేదు.

ఇనుప బోను కిందికి జారుతుంటే గాలి తగిలింది. అదే చల్లగాలి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కన ఇసావో ఎదురుగా చూస్తూ నిలబడ్డాడు.

దిమ్మ తీసిన గూటి ముందు దీపం పెట్టారు. పగులు కనిపించగానే ఆమె దగ్గరికి జరిగింది. ఎన్ని నెలలుగానో తెలిసిన గీత. ఇక్కడో వంపు, ఇక్కడో పంటిగాటు లాంటి నొక్కు. వేలు పెట్టి చివరి నుంచి చివరికి నడిపింది. బండ చల్లగా ఉంది. తను ఊహించుకున్నదానికన్నా కొంచెం వెచ్చగానే ఉందేమో అని కూడా అనిపించింది.

మెడలోని తువ్వాలు తీసి పైనుంచి కిందికి తుడిచింది. పిండి మళ్ళీ తుడిచింది. ఆరినచోటల్లా, ఇంటి నుంచి తెచ్చిన డబ్బాలోని పౌడరు చల్లింది. గోడ తెల్లబడింది. వెనకాల ముఠావాళ్ళు ఎవరో కిసుక్కుమన్నారు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, తిరగేసిన బకెట్టు మీద కూర్చుంది.

ఐదు నిమిషాలు. ఏమీ లేదు. పది నిమిషాలు. పైమూలన, ఎడమ నుంచి జానెడు దూరంలో, తెలుపు మీద ఒక నల్లటి చుక్క. మెల్లగా గింజంత అయింది. బొట్టై, తొణికి, పగులు అంచు పట్టుకుని పల్లానికి జారింది. ఆ వెంటనే ఇంకోటి. మిగతా పగులు పొడుగునా పొడి పొడిగా, తెల్లగా అలాగే ఉంది.

నవ్విన గొంతు ఆగిపోయింది. ఇసావో వంగి ఆ చుక్క దగ్గరికి మొహం తీసుకెళ్ళాడు. ఏడాదిగా రోజూ దాటిపోతున్న గోడ. చాలాసేపు వంగే ఉన్నాడు. లేచాక, "దీపం ఇంకాస్త ఎడమకి తిప్పండిరా" అన్నాడు ముఠాతో.

ఫొటోలు తీయడం అయ్యాక, సయోకో ఒక్క నిమిషం దీపాలు ఆర్పించమంది. చీకటి కమ్ముకుంది. గాలి యంత్రాల హోరులో మొదట ఏమీ వినిపించలేదు. ఆ తర్వాత ఆ హోరు కింద ఎక్కడో, బండ లోపల్లోపల, సన్నగా ఏదో కదులుతున్నట్టు అనిపించింది. విందో, వినాలన్న ఆశో తెలియదు. అత్తయ్యకి విన్నాననే చెప్పాలనుకుంది.

బోను పైకెక్కుతుంటే ఇసావో గొంతు సవరించుకున్నాడు. కోపం లేదు ఆ గొంతులో. అలసట ఉంది, కొంచెం కొత్తదనం కూడా.

"చూశావుగా. తీరిందా ఇక నీ కోరిక?"

తీరుతుందనే ఆమె కూడా అనుకుంది ఇన్నేళ్ళూ. కానీ ఆ చుక్క వెనకాల పగులు ఇంకా లోపలికి పోతోంది. ఎవరూ కొయ్యని, ఎవరూ దీపం పెట్టని చోటికి. నీళ్ళు అక్కణ్ణుంచి వస్తున్నాయి. ఇప్పుడామె మనసంతా అక్కడే ఉంది.

"మూడువందల మీటర్ల దగ్గర తవ్వకం ఎప్పుడు మొదలుపెడతారండీ?" అంది.

"ఆకులు రాలేనాటికి. నీకెందుకది? అప్పటికి నేనిక్కడ ఉండనుగా."

పైన వెలుతురు బోను కడ్డీల మీద పడింది. సయోకో హెల్మెట్టు తీసి, చెమటకి నుదుటికి అంటుకున్న వెంట్రుకలు వెనక్కి తోసుకుంది.

"నేనుంటానండీ."